బూడిద అంటిన వేలిముద్ర

ఆ చాప ఇటు లాక్కుని నా పక్కకు జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పుస్తకాల్లో ఉండే వరుస నాకు రాదు. కానీ చూసిందీ విన్నదీ ఏదీ మరిచిపోను. ఏ పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టుకుని ఏ మాట అన్నారో ఇప్పుడు అడిగినా చెబుతాను. అంత జ్ఞాపకం ఉన్న నేను ఒక రోజు ఒక కాగితాన్ని చూడకుండా వదిలేశాను. దాని కథే ఇది.

మాది ధర్మవరం, మగ్గాల వీధి. నా పని అచ్చులు అతకడం. మగ్గం మీద ఒక పడుగు నేసి అయిపోయాక, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, పాత పోగునూ కొత్త పోగునూ దగ్గరికి చేర్చి ఒక్క మెలిక తిప్పితే అతుక్కుంటాయి. అట్లా వేల పోగులు. ఒకటి తప్పితే ఆ తప్పు చీర పొడవునా నడుస్తుంది. అందుకని చేతికి తీసుకున్న కట్ట పూర్తయ్యేదాకా మేము లేవం. చుట్టం వచ్చినా, వాన వచ్చినా కూర్చున్న చోటి నుంచే పలకరిస్తాం. లేవలేదని మా వీధిలో ఎవరూ తప్పు పట్టరు.

నా కూతురు హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. అల్లుడు పోయాక అక్కడే చిన్న గది తీసుకుని ఉండిపోయింది. ఆమె బిడ్డ, నా మనవరాలు, మూడేళ్ల వయసు నుంచి నా దగ్గరే పెరిగింది.

ఆ పిల్ల తెలివి నాకు మొదట తెలిసింది మగ్గం దగ్గరే. అప్పుడు దానికి ఎనిమిదేళ్లు. పక్కింటి తాత నేస్తున్న చీరలో నెమలి మెడ దగ్గర విరిగినట్టు వస్తోంది. మగ్గం పైన చిల్లుల అట్టలు దండ మాదిరి వేలాడుతుంటాయి కదా, ఆ చిల్లుల ప్రకారమే బొమ్మ పడుతుంది. తాతా, అట్టలు కొట్టించిన మనిషీ పొద్దున్నుంచి నీ తప్పంటే నీ తప్పని అరుచుకుంటున్నారు. ఇది కింద కూర్చుని, మెడ పైకెత్తి, అట్టలు ఒక్కొక్కటి తిరుగుతుంటే చూసింది. చాలాసేపు చూసి, ఒక అట్ట తిరగేసి కట్టినారని చెప్పింది. ఏదిరా అంటే వేలు పెట్టి చూపింది. విప్పి సరిచేసి కట్టారు. నెమలి మెడ నిలబడింది.

"ఏమమ్మా, దీన్ని నా మగ్గం దగ్గరికి రానియ్యొద్దు," అన్నాడు తాత. "రేపట్నుంచి నేను నేసిన చీరకంతా లెక్క అడుగుతాది."

వీధంతా నవ్వారు. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను.

మా వార్డు బడి ఎనిమిదో తరగతి దాకా ఉంది. ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఒకరిని వేరే పని మీద ఎక్కడికో వేశారు. మిగిలింది ఒక్క సారు. ఆయన మంచివాడు. ఈ మాట ఇప్పుడూ అంటాను, అనడం కష్టమైనా. పిల్లలు రాకపోతే ఇంటింటికీ తిరిగి లాక్కుపోయేవాడు. మా పిల్లకు తన జేబులోంచి కంపాసు పెట్టె కొనిచ్చాడు. అన్నం వేళ కూడా దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పెద్ద తరగతి లెక్కలు చెప్పేవాడు. మా ఇంట్లో బొరుగులతో ఉగ్గాని చేసిన రోజు ఒక డబ్బా ఆయనకు పోవలసిందే.

పిల్ల ఐదో తరగతిలో ఉండగా ఒక అలవాటు మొదలైంది. సారు ఆఫీసుకు పోతేనో, ఫోన్లో వివరాలు ఎక్కించుకుంటూ కూర్చుంటేనో, చిన్న తరగతుల పిల్లలను దీనికి అప్పగించేవాడు. ఆరుకు వచ్చేసరికి రెండో తరగతి, మూడో తరగతి పూర్తిగా దీని చేతిలోనే. వీధిలో దాన్ని చిన్న టీచరమ్మ అని పిలిచేవారు. దాని రాత అచ్చు గుద్దినట్టు ఉంటుందని బడి నుంచి పోయే అర్జీలు, జాబులు సారు చెబుతుంటే ఇదే రాసేది. ఆఫీసర్లు వస్తే లేపి నిలబెట్టేది దీన్నే. ఇంగ్లీషు పాఠం చదివేది, బోర్డు మీద లెక్క చేసేది. వాళ్లు భుజం తట్టి, ఈ బడి బాగుందని రాసుకుని పోయేవాళ్లు.

ఒక సాయంత్రం చేతుల నిండా సుద్దపొడితో ఇంటికి వచ్చి, ఈ వారమంతా తన పాఠం తాను చదువుకోలేదని, చిన్నపిల్లలతోనే సరిపోయిందని చెప్పింది. నేనేం చేశాను? దాని చేతులు కడిగి, మా టీచరమ్మకు ఆకలి వేస్తుందేమోనని రొట్టె పెట్టాను. అంత గర్వం నాకు.

అది ఆరో తరగతి ముగించే వేళ ఒక వార్త తెలిసింది. జిల్లాలోని సర్కారు బళ్లలో చురుకైన పిల్లలను పరీక్ష పెట్టి ఏరి, పెనుగొండలో ప్రత్యేకంగా ఒక తరగతి నడుపుతారట. ఉండడం, తినడం అక్కడే. లెక్కలకు ఒకరు, సైన్సుకు ఒకరు, వేరువేరు టీచర్లు. చేతితో చేసి చూసుకునే ల్యాబు. చేరేది ఏడో తరగతిలోనే. అప్పుడు తప్పితే మళ్లీ చేరే వీలు లేదు. ఈ సంగతులన్నీ చెప్పింది సారే. పరీక్షకు తన బండి మీద తీసుకుపోయిందీ ఆయనే. పేరు వచ్చిందని తెలిసిన రోజు దాని ఫోటో తీసి అందరి ఫోన్లకూ పంపాడు. బడిలో లడ్లు పంచాడు. కూతురు హిందూపురం నుంచి రెండు జతల కొత్త బట్టలు కుట్టి పంపింది. నేను ఒక ఇనుప పెట్టె తెచ్చి, మూత మీద దాని పేరు రాయించాను. పిల్ల ఆ పెట్టె సర్దేది, మళ్లీ తీసేది, మళ్లీ సర్దేది. అక్కడ టెలిస్కోపు ఉంటుందా అవ్వా అని అడిగేది. నాకేం తెలుసు, ఉంటుందనే చెప్పాను.

సెలవులు అయిపోయి బళ్లు తెరిచారు. పెనుగొండ పిలుపు వచ్చేదాకా పిల్లను మా బడికే పంపుతున్నాను. ఒక పూట పక్కింటి తాత మగ్గం మీద అచ్చు అతుకుతున్నాను. సారు వచ్చాడు. గుమ్మం పొట్టిది, తల వంచుకుని వచ్చి ఆగాడు. అది బడి నడిచే వేళ. ఆయన ఇక్కడ ఉన్నాడంటే అక్కడ తరగతులు ఎవరు చూస్తున్నారో నాకు అడగకుండానే తెలుసు.

"రా సార్. లేవలేను, కట్ట చేతిలో ఉండాది," అన్నాను.

"లేవద్దు లేమ్మా. పెనుగొండ తరగతి కాగితం ఇది. నీ సంతకం కావల్ల."

సంతకం నాకు వచ్చు. వీధిలో నా ఈడు ఆడవాళ్లలో వచ్చింది నాకొక్కదానికే. ఎక్కడైనా వేలిముద్ర వేయమంటే నాకు కోపం. కానీ ఆ పూట కుడిచేతిలో పోగులు. చేయి కడుక్కుని వస్తానంటే, అక్కర్లేదు, ముద్ర చాలన్నాడు. ఇంకు డబ్బీ తెచ్చుకునే వచ్చాడు. నా ఎడమచేతి బొటనవేలు తానే పట్టుకుని ఇంకులో అద్ది, కాగితం మీద ఒత్తాడు. వేలికి బూడిద ఉందని, సరిగా పడదని చెప్పాను. ఫర్వాలేదన్నాడు. ఆయన నా మొహం చూడలేదు. అది నేను గమనించాను. గమనించి కూడా, బడి పనుల కంగారులో ఉన్నాడనుకున్నాను.

"అంతా మంచిదే కదా సార్?"

"అందరికీ మంచిదేనమ్మా," అని, మళ్లీ తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఏం రాసి ఉందో చదివి వినిపించమని అడగలేదు. అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, కాగితం నా వైపు తిప్పమనైనా అనలేదు. పిల్లకు కంపాసు పెట్టె కొనిచ్చిన మనిషిని ఆ మాట ఎట్లా అడిగేది?

ఆ సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి పెట్టె జోలికి పోలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. నా చేతులనే చూస్తూ అడిగింది.

"అవ్వా, నేను ఈడ ఉంటేనే నీకు బాగుంటాదా?"

విడిచి పోవాలి కదా, బెంగ పెట్టుకుందనుకున్నాను. నవ్వించాలనుకున్నాను. "బాగుండదా మరి? నువ్వు పోతే నాకు సూదిలోకి దారం ఎక్కించేదెవరు?" అన్నాను.

అది నవ్వలేదు. లేచి పోయి ముఖం కడుక్కుంది. నేను బియ్యం ఎసట్లో వేశాను. అప్పుడు నాకు ఏమీ అనుమానం రాలేదు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా నాలుకను నేనే కోసుకోవాలనిపిస్తుంది.

తరువాత రోజులు గడిచాయి. మా ఊరి నుంచే పేరు వచ్చిన ఇంకో పిల్ల పెట్టె పట్టుకుని రైలెక్కిందని విన్నాను. సారును అడిగితే మనకు ఇంకా పిలుపు రాలేదన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే. మూడోసారి అడిగినప్పుడు, పై నుంచి రావాలి, మన చేతిలో ఏముందని అన్నాడు. పిల్లను చూస్తే అది పిలుపు గురించి ఒక్క మాట అడగదు. అదే నాకు వింతగా తోచి కూతురికి ఫోన్ చేశాను.

కూతురు ఫ్యాక్టరీలో ఒక రోజు సెలవు పెట్టింది. పెనుగొండ మా ఇద్దరికీ నడుమన పడుతుంది. ఆమె హిందూపురం నుంచి, నేను ధర్మవరం నుంచి వచ్చి అక్కడ కలుసుకోవాలని అనుకున్నాం. పిల్లను రమ్మంటే, బడి ఉంది, రానంది.

ఆ తరగతి నడిపే ఆఫీసులో ఒక గుమాస్తా అమ్మాయి ఉంది. పేరు, బడి చెప్పగానే దస్త్రం తీసింది. పేజీలు తిప్పింది, ఆగింది. మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీరే వద్దని రాసిచ్చినారు కదమ్మా," అంది.

కాగితం మా ముందు పెట్టింది. కూతురు పైకి చదివింది. నాకు కంటిచూపు తగ్గిందట. అచ్చులు అతికే పనిలో మనవరాలి సాయం లేకపోతే గడవదట. కాబట్టి దాన్ని దూరం పంపడం నాకు ఇష్టం లేదట. కింద నా వేలిముద్ర. బూడిద అంటిన చోట గీతలు తెగి ఉన్నాయి. అది నా వేలేనని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వేలిముద్ర కన్నా ముందు నేను చూసింది ఆ రాత. గుండ్రని సున్నాలు, ప్రతి తలకట్టుకూ చివర చిన్న వంపు. మా ఇంట్లో సరుకుల చీటీ రాసే రాత అది. నా మనవరాలి రాత. సారు చెబుతుంటే బడి జాబులన్నీ రాసినట్టే దీన్నీ రాసింది. కూతురూ పోల్చుకుంది. కాగితాన్ని నా వైపు తోసింది.

"కంటికి అద్దాలు తెచ్చిస్తానంటే వద్దంటివి," అంది నా వైపు తిరిగి. "పనికి ఆసరా కావల్లంటే నన్ను అడగాల్సింది కదమ్మా. నా బిడ్డతోనే రాయించి, దాన్నే కట్టేసుకుంటివా?"

నేను కాదని చెప్పాను. సారు తెచ్చాడని, చదవకుండా వేశానని చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే అబద్ధాల మాదిరి వినిపించాయి. ఆ సీటు అప్పటికే వేరే పిల్లకు ఇచ్చేశారు. లోపలి గదిలోంచి పెద్ద మేడమ్ వచ్చి, మా ముఖాలు చూసి కూర్చోబెట్టి నీళ్లిప్పించింది. తన చేతిలో ఇంకేమీ లేదంది. ఆమె మంచిగానే మాట్లాడింది. బయట వరండాలో మా పిల్ల ఈడు పిల్లలు నేల మీద ఏవో అద్దాలు, గొట్టాలు పరుచుకుని గోల గోలగా ఏదో కడుతున్నారు. కూతురు అటు చూడకుండా దాటింది.

బస్టాండులో ఆమె నా పక్కన కూర్చోలేదు. హిందూపురం బస్సు ముందు వచ్చింది. ఎక్కేటప్పుడు కూడా వెనక్కి చూడలేదు.

నేను ధర్మవరంలో దిగి ఇంటికి పోలేదు, నేరుగా బడికి పోయాను. మనవరాలు మూడో తరగతి ముందు నిలబడి ఎక్కాలు చెప్పిస్తోంది. సారు మూల బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. నన్ను చూడగానే ఆయనకు అర్థమైంది. నేను అరవలేదు. పెనుగొండ నుంచి వస్తున్నానని మాత్రం చెప్పాను.

ఆయన నన్ను బయటికి, చెయ్యి కడుక్కునే కొళాయి దగ్గరికి తీసుకుపోయాడు. మా బడిని పెద్ద బడిలో కలిపేస్తారని కొద్ది నెలలుగా మాట నడుస్తోందట. పై వాళ్లు వచ్చినప్పుడల్లా పిల్లలకు చదువు వస్తుందా అని చూస్తారట. లేచి నిలబడి గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కతేనట. ఇది పోతే చిన్న తరగతులు చూసే దిక్కు కూడా లేదట.

"నీ మనవరాలు యాడున్నా చదువుకుంటాదమ్మా," అన్నాడు. "దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ బడి మూసేస్తే ఈ పిల్లోళ్లు మెయిన్ రోడ్డు దాటి ఆ పెద్ద బడికి పోతారా? మగ్గాల కింద కూర్చుంటారు. వాళ్ల కోసం చేసినా."

ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. అబద్ధం చెప్పడం లేదు. అదే నాకు ఎక్కువ మండింది.

"ఆ మాట ఆ పొద్దు నాతో అని ఉంటే నేనేమందునో నాకే తెలీదు సార్," అన్నాను. "ఇరుగు పొరుగు పిల్లోళ్లే కదా, ఒప్పుకుందునేమో. నన్ను అననీకపోతివి. నా వేలు నువ్వు పట్టుకుంటివి, దాని చెయ్యి నువ్వే పట్టుకుంటివి. మా ఇద్దరినీ ఒకరికొకరు కాకుండా చేస్తివి."

ఆయన కారుతున్న కొళాయిని రెండుసార్లు గట్టిగా తిప్పాడు. అది ఆగలేదు.

బడి వదిలాక పిల్లా నేనూ నడిచి వచ్చాం. ఆ కాగితం ఎందుకు రాశావని లోపలికి వచ్చాక అడిగాను. అది నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వే వద్దన్నావని సారు చెప్పినాడు. నాతో చెప్పలేక బాధ పడతాండావని, నేనే రాసిస్తే నీకు భారం తగ్గుతాదని చెప్పినాడు." పుస్తకాల సంచి దించి గోడకు ఆనించింది. "నేను నమ్మలేదవ్వా. ఇంటికొచ్చి నిన్ను అడిగినా కదా. నువ్వు సూది, దారం అంటివి."

బియ్యం ఏరిన సాయంత్రం నాకు గుర్తొచ్చింది. అది గోడకు ఆనుకున్న తీరు, ముఖం కడుక్కోవడానికి లేచిన తీరు, అంతా. నేల మీద కూర్చుండిపోయాను. తమాషాకు అన్నానని, కాగితంలో ఏముందో అడక్కుండానే వేలు వేశానని చెప్పాను. నువ్వు పోవాలని ఎంత కోరుకున్నానో ఆ పెట్టెను అడుగు అన్నాను. ఇన్ని రోజులు నా మీద అంత మాట మనసులో పెట్టుకుని, నా పక్కనే తిని, నా పక్కనే పడుకుని, ఇంకొక్కసారి నిలదీసి అడగలేకపోయావా అన్నాను.

"నువ్వూ అడక్కుండానే వేలు వేసినావు కదవ్వా," అంది.

దాని గొంతులో కోపం లేదు. లెక్కలో తప్పు ఎక్కడుందో చూపించినట్టు చూపించింది.

వారం తిరక్కుండానే కూతురు వచ్చి, బడిలో కాగితాలు తీసుకుని, పిల్లను హిందూపురం తీసుకుపోయింది. జరిగింది మొత్తం పిల్లే తల్లికి చెప్పిందట. కూతురు నాతో మాట్లాడుతుంది, ఆ పని నాది కాదని నమ్మింది కూడా. అయినా ఆఫీసులో అన్న మాట ఆమె వెనక్కి తీసుకోలేదు, నేను అడగలేదు. పిల్ల అక్కడ పెద్ద సర్కారు బడిలో చదువుతోంది. తరగతి నిండా పిల్లలు, వెనక బెంచీలో కూర్చుంటుందట. సగం మంది కన్నడం మాట్లాడతారట, అది కూడా నేర్చేసుకుంది. మొదటి నెలలోనే అక్కడి లెక్కల టీచరు దీని సంగతి కనిపెట్టి, పక్క తరగతికి పాఠం చెబుతావా అని అడిగిందట.

"ఏం చెప్పినావే?" అని ఫోన్లో అడిగాను.

"నా పాఠం అయినాక చెప్తానన్నా," అంది.

ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. బాగా మాట్లాడుతుంది. తిన్నావా, కంటికి అద్దాలు పెట్టుకుంటున్నావా అని అడుగుతుంది. కానీ మునుపు దాని మనసులో మాట నోటికి రాకముందే నాకు తెలిసేది. ఇప్పుడు అది చెప్పినంతే తెలుస్తుంది. చెప్పనిది ఎంతో నేను కొలవలేను.

మా వార్డు బడి ఇంకా నడుస్తోంది. సారు వీధిలో ఎదురైతే నమస్కారం పెడతాడు. తిరిగి పెడతాను, పెద్ద చదువు చదివిన మనిషికి పెట్టకుండా ఉండలేను. మా ఇంటి నుంచి డబ్బా మాత్రం పోవడం లేదు. ఈ మధ్య పొరుగు వీధి తల్లి ఒకామె వచ్చి, తన కూతురు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోందని, సారు మెచ్చుకున్నాడని సంబరంగా చెప్పింది. నేను ఆమెను కూర్చోబెట్టి, మీకు చెప్పినట్టే ఇదంతా చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. చిన్నబోతే పోనీ. నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంతసేపు ఓపికగా విన్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో పిల్లలు మిమ్మల్ని అడిగిందే మళ్లీ అడిగేంత చనువుతో పెరగాలి. వాళ్లు అడిగిన పూట మీ చేతిలో ఏ పని ఉన్నా అది పక్కన పెట్టి, వాళ్ల కళ్లలోకి చూసి జవాబు చెప్పే తీరిక మీకు ఉండాలి. మీ ఇంటి పొయ్యి ఆరకూడదు, మీ ఇంటి పిల్ల ఏ ఊళ్లో చదువుకున్నా మనసులో మాట మోసుకుని మీ గడపలోకే రావాలి.